అనసూయత్త ఏడుపు

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ఇల్లుగలామె యాదమ్మ టీ తెచ్చి గడప మీద పెట్టింది. మిర్యాలగూడలో మా మేనత్త అనసూయ చివరిదాకా కిరాయికి ఉన్న రెండు గదులు ఖాళీ చేయడానికి వెళ్ళాను. అత్త పోయి నెల దాటింది. సామాను పెద్దగా లేదు. వంట గిన్నెలు, నాలుగు పట్టుచీరలు, గోడకు రెండు ఫోటోలు, మంచం కింద ఒక రేకు పెట్టె. మూత తీసేటప్పుడు యాదమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. లోపల మడత పెట్టిన పాత గుడ్డలు తప్ప ఏమీ లేవు. నలిగి మెత్తబడిన నూలు చీరలను చింపిన గుడ్డలు. ఉతికినవే గాని ఒక్కోదాని మీద గులాబి రంగు, ఇటుక రంగు మరకలు పోకుండా ఉండిపోయాయి.

“గీ పేలికలు దాసుకునుడేందమ్మా మీ అత్తమ్మ? పారెయ్యనా?” అంది యాదమ్మ.

ఒకటి తీసి వాసన చూశాను. కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. మేకప్ తుడుచుకునే గుడ్డలు అవి. నాటకం అయిపోగానే అత్త అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని ముఖమంతా రుద్ది, ఇలాంటి గుడ్డతో గడ్డం దగ్గర మొదలుపెట్టి పైకి తుడుచుకునేది. నా చిన్నప్పుడు ఆ తుడవడం చూడడానికే స్టేజీ వెనక్కి పరుగెత్తేదాన్ని. రంగు కింద నుంచి మా అత్త కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది.

“టీవీల సూసేదాన్ని నేను. కోడల్ని రాసి రంపాన పెట్టే అత్త. మా ఇంట్ల కిరాయికి ఉన్నది ఆమెనే అంటె మా చెల్లె నమ్మకపోయేది. నిజానికి నాకే నమ్మబుద్ధి కాకపోయేది. టీవీల గొంతు వేరేనాయె, ఈడ గొంతు వేరేనాయె” అంది యాదమ్మ.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. అత్త నాటకాల్లో వేసింది, తర్వాత సీరియళ్ళలో వేసింది. తల్లిగా, అత్తగా, ఇంటి పెద్దగా చాలా ఇండ్లలోకి వెళ్ళింది. ఆమె గొంతు మాత్రం ఏ ఇంట్లోకీ వెళ్ళలేదు. మిగతా ప్రపంచానికి అది పెద్ద విషయం కాకపోవచ్చు. మా ఇంట్లో అయింది. మా నాయనమ్మకు, అంటే అత్తను కన్నతల్లికి, ఆ గొంతు ఒక్కటే మిగిలింది కాబట్టి.

మా ఇల్లు సూర్యాపేటలో, మార్కెట్ యార్డుకు దగ్గర. నాన్న యార్డులో పని చేసేవాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ మిర్చి ఘాటు, కందుల దుమ్ము ఉండేవి. ఇంటికి రాగానే అమ్మ ఆయనను వాకిట్లోనే నిలబెట్టి చొక్కా విప్పించేది. నాయనమ్మ మా దగ్గరే ఉండేది. తాతయ్య బతికి ఉన్నప్పుడు వాళ్ళ ఊరు మునగాల పక్కన. ఆయన పొలంలో పోయాక నాన్న ఆమెను పేటకు తెచ్చుకున్నాడు. తెల్లారక ముందే లేచి వాకిలి ఊడ్చేది, వేపపుల్ల నములుతూ వీధిలో వచ్చేపోయే వాళ్ళ యోగక్షేమాలు అడిగేది, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని చాటలో ఏదో ఒకటి చెరుగుతూ ఉండేది. ఖాళీ చేతులతో ఆమెను చూసిన గుర్తు లేదు.

ఆమెకు ఇంకో పని ఉండేది. దాన్ని పని అని ఎవరూ అనేవారు కాదు. మా వీధిలో ఎవరైనా పోతే ముందు నాయనమ్మకు కబురు వచ్చేది. ఆమె వెళ్ళి పీనుగు తల దగ్గర కూర్చుని శోకం పెట్టేది. ఆమె మొదలుపెట్టేదాకా మిగతా ఆడవాళ్ళు ఊరికే కండ్లు తుడుచుకునేవారు. ఆమె మాట ఎత్తుకోగానే అందరికీ ఏడుపు ఒక దారిలోకి వచ్చేది. చనిపోయిన మనిషి ఏం తినేవాడు, ఎవరితో తగాదా పడ్డాడు, ఏ పని సగంలో వదిలేశాడు, అన్నీ వరసగా రాగంలో వచ్చేవి. చదువు లేదు. ముందుగా అనుకునేది కాదు. ఇంటికి వచ్చి తలమీద నీళ్ళు పోసుకుని, గొంతు బొంగురుపోయి, ఉప్పు వేసిన గంజి తాగి పడుకునేది. ఆమెకు ఒక నియమం ఉండేది. ఒకరికి పెట్టిన శోకం ఇంకొకరికి పెట్టకూడదు. ఒకసారి పక్కింటామె, “మీ ఆయనకు ఏడ్సినవు సూడు, గా మాటలు మా మామకు గూడ అనరాదె” అని అడిగితే నాయనమ్మ ముఖం చిట్లించి, “ఒకల అంగి ఇంకొకలకు తొడుగుతరానే?” అంది.

తాతయ్యకు పెట్టిన శోకం మా వాళ్ళందరికీ తెలుసు. ఆయన మడికి నీళ్ళు మలపడానికి పొద్దున్నే వెళ్ళి గట్టు మీదే పడిపోయాడు. సద్ది తినలేదు.

సద్దిమూట తుమ్మకొమ్మకే ఏలాడవట్టె,
సల్ల ముంతల్నే పులవవట్టె,
ఎవ్వరి మీద అలిగి పోతివయ్యా, నా అయ్యా.

నేను అప్పుడు చాలా చిన్నదాన్ని. నాకు గుర్తున్నది చావు కాదు, ఈ మాటలు. నిజంగానే ఆ మూట చెట్టుకు వేలాడుతూ ఉందని, దాన్ని ఎవరు దించారోనని చాలా రోజులు ఆలోచించాను.

అనసూయత్తను మిర్యాలగూడలో ఇచ్చారు. రంగయ్య మామ రైసు మిల్లులో గుమాస్తా. వేసవి సెలవులకు నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. బస్సు దిగగానే ఉడకబెట్టిన వడ్ల వాసన వచ్చేది, తీపి వాసనా, తడి వాసనా కలిసినట్టు. మిల్లు గొట్టాల నుంచి నల్లటి ఊక బూడిద ఎగిరి ఆరేసిన బట్టల మీద పడేది. అందుకని అత్త బట్టలను గాలి ఎటు వీస్తుందో చూసి మిద్దె మీదో, వెనక దొడ్లోనో ఆరేసేది. పిల్లలు లేరు. మామకు నాటకాల పిచ్చి. మిల్లు మూసేశాక వాళ్ళ బృందం ఆ ఇంటి వరండాలోనే రిహార్సల్ చేసేది. కోదాడ నుంచి రామ్మూర్తి మాస్టారు వచ్చేవాడు. బడిపంతులు, నాటకం రాసేది ఆయనే, ఆడించేది ఆయనే. అత్త లోపల టీ కాస్తూ, చపాతీ పిండి తడుపుతూ వినేది. ఆమె ఎన్నడూ కాగితం పట్టుకోలేదు. వినడంతోనే మొత్తం నాటకం ఆమెకు వచ్చేసేది. ఒక్కోసారి మగవాళ్ళు మాట మరిచిపోయి తడుముకుంటుంటే వంటింట్లో నుంచి గరిటె చప్పుడుతో పాటు ఆ మాట వచ్చేది.

అప్పట్లో పోటీ నాటకాలకు ఆడవేషం వేసే ఆమెను విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో పిలిపించుకునేవారు. ఆమె పోటీ రోజున తన చీరలు తాను తెచ్చుకుని బస్సు దిగేది. ఒకసారి అందరితో కూర్చుని మాటలు సరిచూసుకుని నేరుగా స్టేజీ ఎక్కేది. కోదాడలో పోటీలు జరిగిన ఆ ఏడు, రావలసిన ఆమె రాలేదు. మధ్యాహ్నం ఆట మాదే. నేను అత్తతో కలిసి చూడడానికి వెళ్ళాను. హైస్కూలు చదువుతున్నాను అప్పుడు. మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

“అయిపోయిందండీ రంగయ్య గారూ. పేరు కొట్టేయించుకుని వెళ్ళిపోదాం” అన్నాడు.

మామ అత్త వైపు చూశాడు. అత్త చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా నాకు ఇచ్చింది.

“నీకు వస్తదిగా?” అన్నాడు మామ.

“రానిదెవ్వలకు? మీకే రాదు” అంది అత్త.

నాటకంలో ఆమెకు భర్త చనిపోతాడు. రాసింది, “ఏమండీ! నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్ళిపోయారా!” అని. అంతవరకు అన్ని మాటలూ రాసినట్టే, పుస్తకం భాషలోనే చెప్పుకుంటూ వచ్చింది. శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత సద్దిమూట మొదలైంది. తుమ్మకొమ్మ, సల్ల ముంత, ఎవ్వరి మీద అలిగి పోతివయ్యా. నాయనమ్మ రాగమే. తెర పక్కన నిలబడి ఉన్న మాస్టారు కాగితాలు తిరగేస్తూ, “ఇదెక్కడి డైలాగమ్మా, ఇది లేదే, ఇది లేదే” అని గుసగుసలాడడం ముందు వరసలో ఉన్న నాకు వినిపించింది. తర్వాత ఆయన తిరగేయడం ఆపాడు. హాలులో ఆడవాళ్ళు గట్టిగానే ఏడుస్తున్నారు. శవంగా పడుకున్న మామ కడుపు ఎగిరెగిరి పడింది. ఆయన కూడా ఏడ్చాడని తర్వాత తెలిసింది.

ఉత్తమ నటి బహుమతి అత్తకే వచ్చింది. తిరుగు బస్సులో ఆమెను అడిగాను, రాసింది ఎందుకు అనలేదని.

“వెళ్ళిపోయారా అని ఎవలన్న ఏడుస్తరానే? పీనుగు ముంగట అట్ల అడుగుతరా? గా మాట నా నోట్లెకు వచ్చింది గని బయటికి పోలేదు. లోపట మా అమ్మ కూసోని ఉన్నది, అడ్డం జరగకపాయె.”

బహుమతి కంటే ముందే ఆ వార్త సూర్యాపేటకు చేరింది. మునగాల నుంచి మా చుట్టాలు నాటకాలు చూడడానికి వచ్చి ఉన్నారు. వాళ్ళు మరునాడు పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని, “మీ ఆయన శోకం కోదాడల మల్ల ఇన్నం పెద్దమ్మా, నువ్వే వచ్చి ఏడ్సినట్టున్నది” అని నాయనమ్మతో చెప్పారు. మెచ్చుకోలుగానే చెప్పారు. నాయనమ్మ చాట పక్కన పెట్టింది.

“గిలాసకు అమ్ముకున్నదా నా శోకాన్ని?” అంది. బహుమతిగా ఇచ్చింది స్టీలు గ్లాసో, వెండి పూత కప్పో, ఆమెకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. “సచ్చినోడు సచ్చినంక గూడ పదిమంది ముంగట పండవెట్టింది. పండుకున్నోడు లేచి సప్పట్లు కొట్టిచ్చుకున్నడట!”

అప్పటి నుంచి ఆమె కూతురితో నేరుగా మాట్లాడడం మానేసింది. తగువులాట లేదు, రావద్దనడం లేదు. అత్త వచ్చేది, ఉండేది, తల్లి తల దువ్వేది. నాయనమ్మ దువ్వించుకునేది. మాటలు మాత్రం నా ద్వారా జరిగేవి.

“ఓ పోరీ, దాన్ని అడుగు, బస్సు ఎప్పుడున్నదట.”

“నాలుగింటికని చెప్పు మీ నాయనమ్మకు.”

“బువ్వ తిని పొమ్మను.”

“తిన్ననని చెప్పు.”

“తిన్నదట! పిట్ట తిన్నంత తిన్నది. ఇంకింత పెట్టుమను మీ అమ్మను.”

ముగ్గురం ఒకే మంచం మీద కూర్చుని ఉండేవాళ్ళం. నాకు మొదట్లో నవ్వు వచ్చేది. ఒకసారి వాళ్ళు చెప్పినదానికి నా సొంత మాట కలిపి అందించి చూశాను, ఎవరైనా తప్పు పట్టుకోవడానికైనా నేరుగా మాట్లాడతారేమోనని. ఇద్దరూ నన్నే తిట్టారు.

కొన్నేళ్ళకు రంగయ్య మామ మిల్లులో బస్తాల దగ్గర కూలబడి పోయాడు. మిర్యాలగూడ ఇంటికి మేమంతా వెళ్ళాం. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నాటకాల వాళ్ళు వచ్చారు, మిల్లు వాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు ఎదురు చూశారు. నాయనమ్మ అల్లుడి తల దగ్గర కూర్చుని శోకం మొదలుపెట్టింది. అత్త అప్పుడు కూడా గొంతు కలపలేదు. “స్టేజీ మీద ఏడుస్తది గని మొగనికి ఏడ్వదట” అని ఎవరో అనడం నేను విన్నాను. అత్త కూడా వినే ఉంటుంది. చాలా కాలం తర్వాత ఒక మధ్యాహ్నం, ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుండగా, ఆ రోజు సంగతి అడిగాను. నాకు ఆ అలవాటు ఉంది. మనుషులను గుచ్చి గుచ్చి అడుగుతాను. ఆమె కోపగించుకోలేదు.

“ఏ మాట పట్టుకోబోయినా గది కోదాడల అన్న మాటే అనిపించింది బిడ్డా. అందరు నా దిక్కే సూడవట్టిరి. ఏడుస్తె యాక్టింగ్ అంటరు, ఏడ్వకపోతె రాయి అంటరు. రాయి అన్నదే నయమనుకున్న.”

మామ పోయాక నాటకాలే ఆమెకు బతుకుదెరువు అయ్యాయి. ఒకప్పుడు కోదాడకు రాకుండా పోయిన ఆమె లాగా ఇప్పుడు తానే చీరల సంచీతో ఊళ్ళు తిరిగింది. రైల్వే స్టేషన్లలో మేకప్ తుడుచుకుంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో సీరియళ్ళు మొదలయ్యాయి. ఒక దర్శకుడు ఆమెను నాటకంలో చూసి పిలిచాడు. ముఖం కెమెరాకు బాగుందన్నారు. షూటింగ్ అప్పుడు మాటలు ఆమే చెప్పేది గాని, వాటిని తర్వాత వేరే చోట వేరే ఆమె గొంతుతో మళ్ళీ నింపేవారు. అత్త గొంతు ఎందుకు వద్దన్నారో నేను చాలాసార్లు అడిగాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది. స్టేజీ గొంతు, మైకుకు ఎక్కువవుతుందన్నారట. డబ్బింగ్ వేళకు ఊరి నుంచి రావడం కుదరదన్నారట. ఒకసారి మాత్రం, “గొప్పింటి అత్తకు పేట గొంతు ఏందమ్మా అన్నరు. నేను పుస్తకం భాషల్నే చెప్పిన. అయినా యాడనో పేట ఇనవడ్డదట వాళ్ళకు” అని నవ్వింది. ఆ రోజుల్లో మా మాట టీవీలో పనివాళ్ళ నోట్లోనో, దొంగల నోట్లోనో మాత్రమే ఉండేది. అది నిజం. అత్త విషయంలో అసలు కారణం అదేనా కాదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

సీరియల్ వారానికి ఒకసారి, సాయంత్రం వచ్చేది. అప్పటికి నాయనమ్మకు రెండు కండ్లూ పోయాయి. వెలుతురు ఉందో లేదో తెలిసేది, అంతే. అత్త చేసిన ఒక్క నాటకం కూడా ఆమె చూడలేదు, చూడనన్నది. ఇక చూడాలన్నా కుదరదు. మొదటి భాగం వచ్చిన రోజు వీధిలో వాళ్ళంతా మా ఇంట్లో కూర్చున్నారు. నాయనమ్మ లోపలి గదిలో ఉంది. అమ్మా నేనూ ఆమెను పిలవలేదు. తానే గోడ పట్టుకుని వచ్చి, “జర జరుగున్రి” అని చాప మీద కూర్చుంది. అత్త తెర మీదికి వచ్చింది. మాట్లాడింది. కోడలిని తిట్టింది. ఇంటి తాళాల గుత్తి నడుముకు దోపుకుంది. సగం కథ అయిపోయింది.

“ఏదే, అనసూయ ఎప్పుడస్తది?” అంది నాయనమ్మ.

“వచ్చింది గద నాయనమ్మా, గిప్పటిదాంక మాట్లాడింది అత్తనే.”

“గీమెనా? గీ సన్న గొంతామెనా? నాకు కండ్లు వోయినయి గని చెవులు వోలేదు పోరీ. నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నరా?”

వీధి వాళ్ళు కూడా ప్రమాణం చేసి చెప్పారు. ఆమె నమ్మలేదు. లేచి వెళ్ళిపోయింది. అన్నేళ్ళ తర్వాత బిడ్డ పని ఏమిటో తెలుసుకుందామని వచ్చిన మనిషి, మేము ఎగతాళి చేశామనుకుని వెళ్ళి పడుకుంది. ఆ వారం అత్తకు ఉత్తరం రాశాను.

మరుసటి వారం అత్త హైదరాబాద్ నుంచి బస్సెక్కి సీరియల్ వేళకు వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా టీవీ దగ్గరికి వెళ్ళి శబ్దం పూర్తిగా తగ్గించేసింది. బొమ్మ మాత్రమే కదులుతోంది. టీవీ పక్కన నేల మీద కూర్చుని తన ముఖం తెర మీద కనబడగానే తన మాటలు చెప్పడం మొదలుపెట్టింది. నాయనమ్మను నేను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను.

“ఎవలతోటి మాట్లాడుతున్నది?” అంది నాయనమ్మ, నాతో.

అత్త ఒక్కతే మాట్లాడుతోంది, ఎదుటి వాళ్ళు నోళ్ళు కదుపుతున్నారు. అమ్మ కోడలి మాటలు అందుకుంది. మేము ఊహించనే లేదు, నాన్న అల్లుడి మాటలు అందుకున్నాడు. అల్లుడు ఆస్తి పంచమని అడిగే ఘట్టం. నాన్నకు ఆ మాటలు తెలియవు. యార్డు మాటలు వచ్చాయి.

“సరుకు నిమ్మెక్కింది అత్తమ్మా, గీ ధరకు రాదు. ఆరబెట్టుకొని రేపు రా!”

అత్తకు నవ్వు ఆగలేదు. తెర మీద ఆమె కండ్లెర్ర చేస్తోంది, నేల మీద నవ్వి నవ్వి దగ్గుతోంది. నాయనమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా కొడుకు మంచిగ జేస్తున్నడు. దానికే వస్తలేదు” అంది.

అలా చాలా వారాలు నడిచింది. సెలవు దొరికినప్పుడల్లా అత్త వచ్చేది. రాని వారం నాయనమ్మ టీవీ పెట్టనిచ్చేది కాదు. మాటలు మాత్రం ఇంకా నా ద్వారానే.

ఒక వారం సీరియల్‌లో అత్త కొడుకు చనిపోయాడు. నేను తెరకు దగ్గరగా కూర్చున్నాను. అత్త శవం మీద పడి ఏడుస్తోంది, కొంగు సగం ముఖానికి అడ్డం ఉంది. టీవీ పక్కన కూర్చున్న అత్త మాత్రం ఆగిపోయింది. తెర మీద పెదవులు కదులుతూనే ఉన్నాయి.

“ఏమాయె? గొంతు వోయిందా దానికి?” అంది నాయనమ్మ.

“నోరు మెదులుతున్నది నాయనమ్మా. అత్త మాట జెప్తలేదు.”

“ఏమంటున్నదో నువ్వు సూసి చెప్పు.”

నేను చూశాను. పెదవులు ఒకసారి కలిసి విడిపోయాయి. మళ్ళీ కలిశాయి. నాకు అర్థమైంది, కాని ఆ మాట నేను అనలేకపోయాను. అత్త తలవంచుకుని, “గొంతు ఎట్లాగు తీసేస్తరని తెలుసు. అందుకని నాకు వచ్చింది అన్న. నీ శోకమే అమ్మా” అంది. నాతో కాదు.

తప్పు రెండోసారి జరిగింది, ఈసారి ఎవరికీ వినబడకుండా. నాయనమ్మ చెయ్యి చాచింది. ఆ చెయ్యికి ముందు టీవీ తగిలింది, తర్వాత అత్త భుజం తగిలింది.

“గట్టిగ అను” అంది. “నేను ఇంట.”

అత్త మొదలుపెట్టింది. సల్ల ముంత అనగానే నాయనమ్మ భుజం మీద తట్టింది.

“సల్ల కాదు ముందుగాల. సద్దిమూట ముందు. ఆయన పడ్డ గట్టు మీదికి పోతె ముందుగాల నాకు అవుపడ్డది మూట. ఎన్ని ఊర్లల్ల తప్పు పాడినవే నువ్వు?”

అత్త మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆమె కోదాడలో ఏడ్చింది నేను విన్నాను. ఇది అలా లేదు. చాలా చోట్ల ఆగింది, గొంతు పగిలింది, రాగం తప్పింది. కొడుకు చనిపోయిన ఘట్టం ఎప్పుడో అయిపోయి తెర మీద సబ్బుల ప్రకటన వస్తోంది. అత్త ఆపలేదు. కాసేపటికి ఆమె అంటున్న దాంట్లో సద్దిమూట లేదు, మిల్లు ఉంది, బస్తాలు ఉన్నాయి, వరండాలో చల్లారిపోయిన టీ ఉంది. నాయనమ్మ ఇక దిద్దలేదు. అయిపోయాక, “మొగనికి ఏడ్సుడు గిప్పటికైందా బిడ్డా” అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, “దానికి ఇంత ఉప్పేసి గంజి ఇయ్యి” అంది.

నాయనమ్మ పోయింది ఆ తర్వాత కొన్నేళ్ళకు. అత్త వచ్చి తల దగ్గర కూర్చుంది. మా వీధిలో ఆడవాళ్ళు ఆమె వైపు చూశారు. ఈసారి ఆమె వాళ్ళను ఎదురు చూడనివ్వలేదు. చనిపోయేముందు నాయనమ్మ తడుముకుంటూ చింతపండు గింజలు తీస్తూ ఉంది. అత్త అక్కడి నుంచి ఎత్తుకుంది. చాటలో చింతపండు సగమే అయిందని, గింజల గిన్నె నిండలేదని, సగం పని విడిచిపెట్టే మనిషివి కాదు గదా అని. అన్నీ కొత్త మాటలే. తర్వాత నాతో, “పోయినోళ్ళు ఆఖరుకు చేస్తున్న పని కాడికెల్లి మొదలువెట్టాలె. గది దొరికితె మిగిలింది అదే వస్తది అనేది మా అమ్మ” అంది.

ఇప్పుడు సీరియళ్ళలో గొప్పింటి వాళ్ళు కూడా మా మాట మాట్లాడుతున్నారు. పేట నుంచి వెళ్ళిన ఆడపిల్లలు తమ గొంతుతోనే తాము చెప్పుకుంటున్నారు. అత్తకు ఇది సంతోషంగానే ఉండేది. చివరి ఏళ్ళలో ఆమె టీవీ ముందు కూర్చుని, “గీ పిల్ల మనది, గీ పిల్ల నల్లగొండ దిక్కు” అని ఊళ్ళు గుర్తుపట్టేది. అయితే ఇంట్లో అందరం కలిసి ఒక తెర ముందు కూర్చోవడం పోయింది. మా అన్న కోడలు వంటింట్లో ఫోన్లో చూస్తుంది, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని. ఏ ఘట్టం వచ్చిందో ఆమె ముఖం చూసి తెలుసుకోవాలి. నాకు అది కూడా చూడబుద్ధి అవుతుంది. మంచి కాలం, చెడ్డ కాలం అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అత్తకు గొంతు లేని రోజుల్లో ఆమె గొంతు వినడానికి ఒక ముసలామె చాప మీద ఎదురు చూసింది. గొంతులున్న ఈ రోజుల్లో ఎవరు ఎవరి కోసం ఎదురు చూస్తున్నారో నాకు తెలియడం లేదు, తెలుసుకోవాలని ఉంది.

అత్త పోయిన రోజు మిర్యాలగూడలో ఆమెను అద్దాల పెట్టెలో పెట్టారు. నాటకాల వాళ్ళు ఇద్దరు వచ్చి దండలు వేశారు. ఒక యూట్యూబ్ అబ్బాయి వచ్చి ఆమె గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. మిగతా వాళ్ళం కుర్చీల్లో కూర్చున్నాం. పెట్టె మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు రోజు రాత్రి అత్త దోసెలకు మినపప్పు నానబోసి పడుకుందని యాదమ్మ నాతో చెప్పింది. పప్పు ఉబ్బి గిన్నె పైదాకా వచ్చిందట. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు తెలిసింది. నోరు తెరిచాను, రాగం రాలేదు. అందరి లాగానే రుమాలుతో కండ్లు తుడుచుకున్నాను. మా ఇండ్లలో ఇప్పుడు ఎవరూ మాటలు కట్టి ఏడవడం లేదు.